పిట్టకు ఇచ్చిన మాట

చచ్చినవాళ్ల మీద మనవాళ్లకున్న ప్రేమలో పావు వంతు బతికున్నవాళ్ల మీద ఉంటే, ఖానాపూర్ జమునకు ఇన్నేళ్లు పళ్లు కొరుక్కునే పని ఉండేది కాదు.

జమున తండ్రి సిద్దిరాములు ఆటో నడిపేవాడు. ఆమె నాలుగో తరగతిలో ఉండగా నిర్మల్ దారిలో మూలమలుపు దగ్గర లారీ గుద్ది పోయాడు. మూడోనాడు వాగు ఒడ్డున పిట్టకు, అంటే కాకికి, పెట్టారు. విస్తరిలో అన్నం, కోడికూర, ఆయనకిష్టమైన గారెలు. చుట్టూ కాకులే, ఒక్కటీ దిగదు. పోయినవాడి మనసులో ఏదో మిగిలిపోయిందన్నారు. జమున పెద్దబాపు పరశురాములు కాకుల వైపు చేతులు జోడించాడు.

"తమ్మీ, నీ బిడ్డ ఫికర్ వెట్టుకోకు. దాన్ని బండెక్కనియ్యం, నీళ్లల్ల దిగనియ్యం. కండ్లల్ల వెట్టుకొని సూసుకుంటం."

అప్పుడు దిగిందొక కాకి. "ముట్టింది, ముట్టింది" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బాపుకు తానూ ఒక మాట చెబుతానని జమున ముందుకొస్తే, "చిన్నపిల్లవు, నీకేమెరుక?" అని రెక్క పట్టి వెనక్కి లాగారు.

ఆకలేసి తిన్నది కాకి. శిక్ష పడింది పిల్లకు.

బడి పిల్లలంతా గోదావరి స్నానానికి బాసర పోతే జమున ఇంట్లోనే. సైకిల్ నేర్చుకుంటానంటే వద్దు. సద్దుల బతుకమ్మనాడు తోటివాళ్లు మోకాళ్ల లోతు నీళ్లలో దిగితే ఈమె ఒడ్డు మీద. ఏమడిగినా ఒకటే జవాబు, "పిట్టకు మాటిచ్చినం" అని. పైగా ఊళ్లో ఆడవాళ్లు కనబడినప్పుడల్లా "పాపం, తండ్రి లేని పిల్ల" అనేవాళ్లు. తండ్రి పోవడం ఒక్కసారే జరిగింది, ఈ పాపం మాత్రం రోజూ జరిగేది. తల్లి బాలలక్ష్మి తల వంచుకుని బీడీలు చుట్టేది. బావగారి ముందు ఆమెకు నోరెక్కడిది? జమునకు అందరికన్నా ఎక్కువ మండింది ఆ వంచిన తలను చూసే.

డిగ్రీ అయ్యాక కుట్టుమిషన్ నేర్చుకుంటానని చెప్పి రోజూ నిర్మల్ పోయేది. బస్సు బండి కిందికి రాదని పెద్దబాపే తేల్చాడు మరి! అక్కడ ఆమె నేర్చుకున్నది ఆటో. లైసెన్సు తీసుకుని, ఒక పూట ఆటోను తెచ్చి వాకిట్లో నిలిపింది. పెద్దబాపు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"మీ బాపును మింగిన పనే దొరికిందా నీకు? పిట్టకేం జవాబు చెప్పాలె?"

"పిట్టను నా కాడికే పంపు పెద్దబాపు. నేనే చెప్త."

అరుపులు విని నాయినమ్మ లస్మవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎవరినీ అడగకుండా ఆటో ఎక్కి కూర్చుంది. "పిట్టతోని నేను మాట్లాడుకుంటగని, నువ్వు అంగడికి తోలు బిడ్డా" అంది. ఇక ఆ ముసలిది ఆటో దిగితే ఒట్టు. బాసర పోయి, మనవరాలి చెయ్యి పట్టుకుని గోదావరిలో మునిగి కూడా వచ్చింది.

మొన్న ఎండాకాలం లస్మవ్వ పోయింది. మూడోనాడు అదే వాగు ఒడ్డు, అదే విస్తరి. పిట్ట ముట్టలేదు. కొడుకు చెప్పాడు, కోడళ్లు చెప్పారు, చుట్టాలు చెప్పారు. ఎండ నడినెత్తికొచ్చింది. పరశురాములు జమున వైపు తిరిగాడు.

"ముసలిదాని పానం నీ మీదనే కొట్టుకుంటుంది. ఆటో అమ్మేస్తనని చెప్పు, గప్పుడు ముడుతది."

"చెప్పరాదె బిడ్డా, ఒక్క మాటనే గద" అని చుట్టాలు బతిమాలారు.

ఒక్క మాట! ఆ ఒక్క మాటతోనే కదా ఆమె చిన్నతనమంతా మట్టికొట్టుకుపోయింది. తన ఆటోలో సంబరంగా తిరిగిన ముసలిదాన్నే ఇప్పుడు తన మీదికి సాక్ష్యం తెస్తున్నారు. జమునకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోయి విస్తరి ముందు నిలబడింది. ఈసారి రెక్క పట్టి లాగడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"నాయినమ్మా! ఆటో అమ్మేది లేదు. తింటె తిను, లేకుంటె ఉపాసముండు. గని ఆడ నీ కొడుకు కలుస్తడు గద, నా మాట ఒకటి చెప్పు. గప్పుడు నన్ను చెప్పనియ్యలే. నీ బిడ్డకు భయం లేదని చెప్పు. నువ్వు నడిపిన తొవ్వల్నే నడుపుతుందని చెప్పు." నిర్మల్ దారి వైపు చెయ్యి చూపింది. "గా లారీ గుద్దిన మూల కాడ రోజు హారన్ కొడుతున్న. ఇనవడుతుందా అని అడుగు."

చెప్పి, కాకి దిగిందో లేదో చూడకుండా ఆటో దగ్గరికి నడిచింది. పిట్ట ముట్టకముందే కదలొద్దని పెద్దబాపు వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడు. బండి స్టార్ట్ చేసి అద్దంలో చూస్తే, తల్లి ఎప్పుడొచ్చిందో వెనక సీట్లో కూర్చుని ఉంది, తల ఎత్తి.

"గా మూల కాడికి తోలు బిడ్డా" అంది బాలలక్ష్మి. "ఇయ్యాల హారన్ నేను కొడుత."