పెదనాయన ఆపిన కోటగుమ్మం

తెలంగాణ ఇంకా రాని ఆ రోజుల్లో మా గోదావరిఖని క్వార్టర్లలో మనిషి గొప్పతనాన్ని అతను ఎంత దూరం పోయొచ్చాడన్న దాన్ని బట్టి కొలిచేవాళ్ళు. కంపెనీ ఎల్‌టీసీ, అంటే యాత్ర ఖర్చు, మంజూరు చేసిందంటే చాలు, జన్మలో పెద్దపల్లి దాటని మనిషి కూడా కన్యాకుమారి దాకా పోయి, మూడు సముద్రాల నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి, ఫ్రిజ్ మీద పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. (మూడు సముద్రాలూ ఒకే సీసాలో. ఏది ఏదో అడిగినవాళ్ళు లేరు.) నేనప్పటికి పెళ్ళయి మూడు నెలలు, కొలువులో చేరి రెండేళ్ళు. ఆ కొలువు కూడా నేను సంపాదించింది కాదు. నాయన బావిలో కప్పు కూలి చనిపోతే నాకు వచ్చింది. మా దగ్గర బొగ్గుగనిని బావి అంటారు, కప్పంటే అందులో పనిచేసేవాళ్ళ నెత్తిమీది రాయి. అట్లాంటి కొలువు వచ్చినందుకు సంతోషపడాలో ఏడవాలో తెలియని వయసు నాది.

ఎదురు క్వార్టర్ అక్క అంతకుముందు ఏడాదే దక్షిణాది యాత్ర చేసొచ్చింది. సముద్రం వెంబడి రోడ్డు, ఆ రోడ్డు చివర చుట్టూ పెద్ద గోడ కట్టిన పాత ఊరు (పేరు చెప్పను, చెబితే ఇంట్లో గొడవ మళ్ళీ మొదటికొస్తుంది), ఆ గోడ మీదికెక్కి నిలబడితే మూడు దిక్కులా సముద్రమేనట. నల్లా దగ్గర బిందె నిండేదాకా రోజూ ఇదే ముచ్చట. నా భార్య వినీ వినీ ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "నన్ను గుడ ఆ గోడ ఎక్కిస్తవా?" అంది. పెళ్ళయినాక తను నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక. నేను పొంగిపోయి, "ఎక్కిస్త. నా మీద ఒట్టు" అన్నాను. నా భార్య చెల్లెళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు, అందువల్ల ఆ మాట తెల్లారేసరికి వాళ్ళ ఊరు దాకా పోయింది.

మా కాలనీ నుంచి నలభై మందిమి బస్సు కట్టుకుని బయలుదేరాం. మాకు పెద్ద మా పెదనాయన. నాయనకు స్వయానా అన్న, నేను పనిచేసే బావిలోనే సర్దార్. సర్దార్ పనేమిటంటే, మనుషులు లోపలికి పోకముందే తను పోయి, కర్రతో కప్పు కొట్టి చూడటం. ఠంగుమంటే గట్టి కప్పు. బొద్దుమంటే లోపల బోలు, కూలుతుంది. అప్పుడు రెండు కర్రలు అడ్డంగా ఇంటూ గుర్తు కట్టేస్తాడు, ఇక దాన్ని మేనేజర్ కూడా దాటడు. ఇదంతా బావిలో బాగానే ఉంటుంది. కానీ మా పెదనాయనకు బావి ఎక్కడైపోతుందో, భూమి ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు. మా పెళ్ళి రోజున భోజనాల హాలు కప్పు కొట్టి చూసి, రెండు బంతుల విస్తళ్ళు ఎండలోకి మార్పించిన ఘనుడు.

ఆ రోజు పొద్దున సముద్రం రోడ్డు మీద బస్సు పోతుంటే నా భార్య కిటికీ ఊచలు పట్టుకుని కూర్చుంది. నీలం నీళ్ళు, తెల్లటి నురగ, ఒడ్డున వలలు. "గింత నీళ్ళా!" అని ఒక్కసారి అంది, ఆ తర్వాత ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. నేనూ చూద్దామనుకున్నాను గానీ, వారం రోజుల నైట్ షిఫ్టు దిగి బస్సెక్కినవాణ్ణి, నోరు తెరుచుకుని నిద్రపోయాను. బస్సాగాక తనే గిల్లి లేపింది. ఎదురుగా గోడ. అబ్బో, ఏం గోడ! దానికొక గుమ్మం. గుమ్మమంటే గుమ్మం కాదు, గోడ మందమంతా లోపలికి సాగిన ఇరవై అడుగుల చీకటి దారి, పైన రాతి కప్పు. అవతలి వెలుగులో గోడ మీదికి పోయే మెట్లు కనిపిస్తున్నాయి. బస్సు నాలుగు గంటలకు బయలుదేరుతుందని డ్రైవర్ చెప్పాడు. మూడు గంటల సమయముంది. నా భార్య చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నా చెయ్యి పట్టుకుని, నడవబోయింది.

"ఆగుండ్రి!"

పెదనాయన. పెద్దమ్మ చేతిలోని గొడుగు లాక్కుని కప్పు కొడుతున్నాడు. ఒకచోట, ఇంకోచోట, చెవి పైకి పెట్టి మూడోచోట. తర్వాత వెనక్కి తిరిగి రెండు చేతులూ చాపాడు. "ఒక్కలు గుడ లోపటికి రావొద్దు. కప్పు మంచిగ లేదు." నలభై మందిమీ ఉన్నచోటే ఆగిపోయాం. బావిలో అలవాటైన కాళ్ళు, సర్దార్ వద్దంటే కదలవు. మగవాళ్ళు భార్యలనూ పిల్లలనూ వెనక్కి లాగారు. ఇంతలో మా పక్కనుంచే పాలవాడు సైకిలు మీద లోపలికి పోయాడు. బడిపిల్లలు వరసగా పోయారు. ఒక బర్రె, దాని వెనక దూడ తీరుబడిగా పోయాయి. కాపలావాడు వచ్చి, ఇది నాలుగు వందల ఏళ్ళుగా నిలబడి ఉందయ్యా అని వచ్చీరాని హిందీలో చెప్పాడు. "నాలుగు వందల ఏండ్లా? అయితే ఇగ కూలే టైమయినట్టే" అని పెదనాయన రెండు వెదురుకర్రలు ఏరుకొచ్చి, తువ్వాలతో ఇంటూ గుర్తు కట్టి గుమ్మం పక్కన నిలబెట్టాడు. మేమందరం దాని ముందు బిక్కమొహాలతో నిలబడేసరికి, అదేదో మా మొక్కు అనుకుందేమో, ఆ ఊరి ముసలామె ఒకతె వచ్చి ఆ కర్రలకు పూలు పెట్టి, దణ్ణం పెట్టి పోయింది.

"పోదాం పా" అంది నా భార్య.

"పెదనాయన వద్దంటుండు."

"బర్రె పోయింది కదా!"

"బర్రెకేం తెలుస్తది."

"నీకేం తెలిసింది మరి?"

నాకు తెలిసిందేమిటంటే, నా చెవికి ఆ కప్పు మూడుచోట్లా ఠంగుమనే వినిపించింది. కానీ రెండేళ్ళ సర్వీసు చెవి ఎక్కడ, ముప్ఫై ఏళ్ళ సర్వీసు చెవి ఎక్కడ! మా వాళ్ళు మెల్లమెల్లగా ఇసుకలోకి పోయి పల్లీలు నమలడం మొదలుపెట్టారు. ఒక గంట పోయింది. ఇంకో గంట పోయింది. నా ఒట్టు కళ్ళముందే ఆవిరైపోతోంది, నేను మాత్రం పెదనాయన మొహమూ భార్య మొహమూ మార్చి మార్చి చూస్తూ చెమటలు కక్కుతున్నాను. ఉన్నట్టుండి తను నా చెయ్యి వదిలేసి, కర్రల పక్కనుంచి విసవిసా గుమ్మంలోకి నడిచిపోయింది.

నేను ఉరికాను. కర్రల దాకా. అక్కడ నా కాళ్ళు ఆగిపోయాయి. సిగ్గు లేకుండా ఆగిపోయాయి. వెనక నుంచి పెదనాయన "బిడ్డా!" అని కేకేసి, కింద కూలబడ్డాడు. వెనక్కి వచ్చి ఆయన్ను పట్టుకున్నాను. "మంచిగనే మోగింది కదా పెదనాయనా?" అన్నాను, ఇక ఆగలేక.

"మంచిగనే మోగింది కొడుకా," అన్నాడు. "ఆ దినం గుడ మంచిగనే మోగింది. మంచిగ మోగిందనే మీ నాయనను లోపటికి తోలిన. నేనే తోలిన. గీ ముచ్చట మీ పెద్దమ్మకు గుడ తెల్వది, ఎవ్వలకు చెప్పకు."

ఇక నేనెట్లా పోతాను? ఆయన చెయ్యి పట్టుకుని, గుమ్మానికి వీపు పెట్టి, అక్కడి రాళ్ళ మీదే కూర్చున్నాను. నాలుగు గంటలకు హారన్ మోగాక నా భార్య వచ్చింది. నా వైపు చూడకుండా బస్సెక్కింది. గోదావరిఖని చేరేదాకా రెండు రోజులు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడటం మొదలుపెట్టాక మాత్రం, నల్లా దగ్గర ఎదురింటి అక్క పని అయిపోయింది. గోడ మీది గాలి ఎట్లా కొడుతుందో, పడవలు బొమ్మల్లా ఎట్లా కనబడతాయో, దీపస్తంభం ఏ పక్కనుందో, నా భార్య ఏళ్ళ తరబడి చెప్పింది. చివర్లో నన్నోసారి చూసి, "మా ఆయన రాలె, భయపడ్డడు" అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. మాటిచ్చాను కదా, పెదనాయనకు.

మొన్న పెదనాయన సంవత్సరీకం పెట్టి వచ్చిన సాయంత్రం ఇక దాచడం ఎందుకని, ఆనాటి సంగతంతా తనకు చెప్పాను. విని చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"అప్పుడే చెప్తే నిన్ను భయపడ్డడని అనకపోదును" అంది.

"పోనీలే. మంచిగ చూసినవు కదా."

"ఏం చూసిన? గేటు దాటంగనే మొదటి మెట్టు మీద కూసున్న. నువ్వొస్తవేమోనని. వస్తే కలిసి ఎక్కుదమని."

"మరి ఆ పడవలు? దీపస్తంభం?"

"అవన్ని టీవీల చూసిన" అంది, నా భుజం మీద ఒకటి చరిచి.

ఇరవై అడుగుల రాయికి ఇటు నేను, అటు తను, ఒకరి కోసం ఒకరం దాదాపు గంటసేపు కూర్చున్నాం. ఇరవై ఐదేళ్ళ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. లేచి ఒక్క కేకేసినా తనకు వినబడేది.