తందూరులో దూరిన బరోక్

మా పక్కింటి ఖోసియత్ ఖోలాకి (ఖోలా అంటే మాలో పిన్ని) నోటికంటే చెయ్యి ముందు లేస్తుంది. మొగుడు రెండో పెళ్లాన్ని వెంటబెట్టుకొస్తే, అప్పడాల కర్రతో వాడి పన్ను రాలగొట్టి ఇద్దరినీ గడప దాటించింది. తర్వాత తందూరులో రొట్టెలు కాల్చి అమ్ముకుంటూ పిల్లల్ని పెంచింది. ఆ పిల్లల వీపులు ఎలా పేలేవో గోడ అవతలున్న నాకు తెలుసు. ఆమె చేతి దెబ్బ ఎరగంది ఒక్క బరోక్ మాత్రమే. అది బొచ్చుపిల్లి. దాన్ని ‘నా తల్లీ’ అనేది.

తాష్కెంట్‌లో మా వీధంతా కూల్చాలని, మమ్మల్ని కొత్త మేడలో ఫ్లాట్లలోకి పంపారు. మనుషులం ఏడ్చి సర్దుకున్నాం. బరోక్ సర్దుకోలేదు. వాసన గుర్తుపడుతుందని ఖోలా పాత బొంతను ఉతక్కుండానే వంటింట్లో పరిచింది. పక్కనే పడుకుని చేత్తో మాంసం తినిపించింది. అది తలుపు గీకి గీకి గోళ్లు ఊడగొట్టుకుంది. ఎత్తుకోబోతే ఆమె చెంప చీరేసింది. ఒకరోజు చెత్త పారేయడానికి తలుపు తీయగానే కాళ్ల సందులోంచి ఉడాయించింది.

“ఎక్కడికి పోతుంది, ఇంటికే!” అని ఖోలా పరుగందుకుంది. వెనకే నేను.

మేం వెళ్లేసరికి పొక్లెయిన్ ఆమె ఇంటిని నేలమట్టం చేసింది. పెరట్లో తందూరొక్కటే మిగిలింది. అందులోంచి బరోక్ అరుపులు. ఖోలా ఇటుక తీసి విసిరింది. పొక్లెయిన్ అద్దం భళ్లుమంది.

డ్రైవరు నెత్తురు కారే నుదుటితో కిందికి దూకాడు. “పిచ్చిపట్టిందా, ముసలిదానా?” అంటూ ఆమెను తోసేశాడు.

ఆమె లేచి వాడి కాలరు పట్టుకుంది. “లోపల నా పిల్లుందిరా, గుడ్డివెధవా!”

“పిల్లి కోసం నా తల పగలగొడతావా? తీసుకుని తగలడు!”

ఖోలా తందూరులో చెయ్యి పెట్టింది. పిల్లి కరిచింది. మళ్లీ పెట్టింది, మళ్లీ కరిచింది. మోచేతిదాకా నెత్తురే. బతిమాలినా, తిట్టినా పిల్లి అడుగుకి అతుక్కుపోయింది.

“పొగ పెడదామా, ఖోలా?” అన్నాను.

“దాని ఇంట్లోంచి దాన్నే పొగబెట్టి తరుముతావా, సిగ్గులేనిదానా!”

డ్రైవరు మళ్లీ యంత్రమెక్కాడు. ఒక్క వేటుతో తందూరూ పిల్లీ మట్టిలో కలిసిపోతాయి. ఖోలా అక్కడ పడున్న సమ్మెట ఎత్తింది. మాలో తందూరుకి కాలు తగిలినా పాపమే. రొట్టె పుట్టేది అక్కడ కదా.

“ఇది ఉన్నంతకాలం నువ్వు రావు కదే!” అని అంచుమీద మోదింది.

పైనుంచి కిందికి పెళ్లలు పెళ్లలుగా పగలగొట్టింది. డ్రైవరు దిగివచ్చి, “నేను కొడతాలే, ఖోలా” అన్నాడు.

“ముట్టుకున్నావంటే నీ నెత్తినే పడుద్ది!”

చివరికి దాక్కోడానికి గోడే లేక బరోక్ దుమ్ములో వణుకుతూ బయటపడింది. ఖోలా తలగుడ్డ విప్పి దాన్ని చుట్టేసింది. అది ఆమె మణికట్టుని పళ్లతో పట్టి వదల్లేదు. ఆమె కూడా విడిపించుకోలేదు.

“కరుచుకోవే, తల్లీ, కరుచుకో. ఇల్లు ఇక నీకూ లేదు, నాకూ లేదు. పద.”