పేతురు వేళ్ళు, కల్పలత మీటరు

రెజిమెంటల్ బజార్ వెనక ఉన్న ఆ చిన్న వర్క్‌షాపులో పేతురు చెయ్యే థర్మామీటరు. తిరిగే ఇరుసుకు రాసుకుని, దాని చుట్టూ తొడిగిన ఇత్తడి బుష్ ఎంత వేడెక్కిందో, మిషన్ ఆపి రెండు వేళ్ళు ఆనించి చెప్పేవాడు. పాతికేళ్ళుగా ఆ మాటకు తిరుగులేదు. మనిషి మెత్తనివాడే గానీ, ఆ వేళ్ళ సంగతి వస్తే మాత్రం మహా గర్వం.

యజమాని కూతురు కల్పలత ఇంజనీరింగ్ చదివొచ్చి కొత్త పరీక్ష మొదలుపెట్టింది. గిరగిరా తిరిగే ఉక్కు పళ్ళెం మీద ఇత్తడి కడ్డీని అదిమి, రెండింటికీ చెరో తీగ కలిపి మీటరుకిచ్చింది. రాపిడికి వేడెక్కేకొద్దీ ఆ రెండు లోహాలు ఆనుకునే చోట రవ్వంత కరెంటు పుడుతుంది. దాన్నిబట్టి సరిగ్గా రాసుకునే చోటి వేడినే మీటరు చెబుతుంది.

అది నూట ఇరవై డిగ్రీలు చూపించిన రోజున పేతురు నవ్వాడు. మిషన్ ఆపించి, కడ్డీ రాసుకున్న కొసను రెండు వేళ్ళతో పట్టుకుని, గోరువెచ్చగా ఉందన్నాడు. మీటరు మార్చుకోమన్నాడు. పనివాళ్ళంతా ఆయన వైపే. పాతికేళ్ళ చెయ్యి ముందు నిన్నగాక మొన్నొచ్చిన డబ్బా ఏపాటిది? కల్పలతకు మాత్రం మనసొప్పలేదు. తీగలు ఊడదీసి మళ్ళీ బిగించి చూసింది. అదే అంకె. చాయ్ వేళ, గ్లాసు పట్టుకున్న ఆయన వేళ్ళ మీద తెల్లగా బొబ్బలు కనిపించాయి.

“పేతురన్నా, వేళ్ళు కాలినయ్ గదా. నొప్పి తెలుస్తలేదా?”

ఆయన వేళ్ళు చూసుకున్నాడు. తెలియడం లేదు. గర్వమంతా దిగిపోయి భయం పట్టుకుంది. ఆ చెయ్యే పోతే ఈ వర్క్‌షాపులో తనెవరు?

వద్దంటున్నా వినకుండా ఆమె డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. షుగరు. చేతుల్లోనే కాదు, కాళ్ళలోనూ స్పర్శ పోయింది. అరికాలికి మేకు గుచ్చుకుని చీము పట్టినా ఆయనకు తెలియనే లేదు. ఇంకొన్నాళ్ళు ఆగితే కాలు తీసేయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు.

పుండు మానింది. ఇప్పుడు మీటరు అంకె చదివేది పేతురే. కడ్డీ ముట్టబోయిన వాళ్ళను కసిరేదీ ఆయనే.

ఆదివారం సీతాఫల్‌మండి చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆయన లేచాడు. పక్కన భార్య మేబెల్, ఆమె పక్కన ఆయన పిలిస్తే వచ్చిన కల్పలత. నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని మనిషి అందరి వైపూ తిరిగాడు.

“నా మాట అందరు నమ్మిన్రు. ఈ బిడ్డ ఒక్కతే నమ్మలే. అందుకే ఈ పొద్దు రెండు కాళ్ళ మీద నిలవడి దేవునికి స్తోత్రం చెప్తున్న.”