రాట్నం దిగిన గుండు

వరహాలు పోర్టులో కళాసీ. ఓడలోంచి దిగిన బస్తాల్ని గోడౌన్‌లో వరసగా పేర్పించడం అతని పని. చూడ్డానికి బీరువాకి లుంగీ కట్టినట్టుంటాడు గానీ, మనసు మాత్రం పెరుగన్నం. అతనికి జీవితం మీద ఉన్న నమ్మకం ఒక్కటే: ఓ చోట పెట్టిన సరుకు పెట్టిన చోటే ఉంటుంది. మూడో వరసలో దించిన బస్తా తనంతట తాను లేచి ఏడో వరసకి నడిచిపోదు కదా. ఇంట్లో చెంబుకీ, చెప్పులకీ, పెళ్ళానికీ కూడా ఇదే రూలు పెట్టాడు. చెంబూ చెప్పులూ విన్నాయి. కాసులమ్మ వినలేదు.

వాళ్ళకి చాలా ఏళ్ళు పిల్లల్లేరు. సింహాచలం అప్పన్నకి మొక్కుకుంటే ఆఖరికి ఒక్కడు పుట్టాడు, వాడికీ అప్పన్న అనే పేరు పెట్టారు. వాడు పుట్టిన దగ్గర్నించీ కాసులమ్మ ఒకటే పాట.

"ఈ గుంటడికేటైనా అయితే నాను బతకను. ముందే సెప్తన్నాను."

వరహాలు ఏదో కుట్ర పన్నుతున్నట్టు, అతని కళ్ళలోకి చూసి మరీ చెప్పేది.

ఎనభై నాలుగులో ఓ ఆదివారం పొద్దున్న కొండెక్కి అప్పన్న పుట్టెంట్రుకలు తీయించారు. గుండుకి గంధం పూశారు. కొండ కింద కొట్లో పసుపు జుబ్బా కొని తొడిగారు. సింహాచలం బస్సు నేరుగా బీచ్‌కే వస్తుంది కాబట్టి, పొద్దున్న మొక్కు తీర్చుకున్నవాళ్ళంతా సాయంత్రానికి సముద్రం ఒడ్డున తేలతారు. ఆ నెల అక్కడ ఎగ్జిబిషన్ కూడా పెట్టారు. జెయింట్ వీలు, రంగుల రాట్నం, బావిలో మోటారుసైకిలు తిప్పేవాడు, చాటంత అప్పడాలు. ఇక చెప్పేదేముంది, మైదానం నిండా గంధం పూసిన గుండ్లే, పసుపు జుబ్బాలే. పైనుంచి చూస్తే ఎవరో బుట్టెడు బత్తాయిలు ఒలకబోసినట్టుంది.

వీళ్ళతో కాసులమ్మ తమ్ముడు కొండలరావు కూడా వచ్చాడు. బావని ఆటపట్టించడం తప్ప అతనికి వేరే పనిలేదు.

"అక్కా, నీలు తాగొద్దాం రా. బావ సూత్తాడులే గుంటణ్ణి."

"మీ బావ సూపు మోటారుసైకిలు మీదుంది," అంది కాసులమ్మ. "ఏటయ్యా, ఇన్నావా? కన్ను తిప్పకు."

"నా సేతిలో సరుకు ఎప్పుడైనా మారిందేటే?" అన్నాడు వరహాలు.

వాళ్ళటు వెళ్ళగానే వరహాలు అప్పన్నని రాట్నం గుర్రం మీద కూర్చోబెట్టాడు. రాట్నంవాడు పిల్లాడి నడుముకి బెల్టు కట్టాడు. వరహాలు తను ఎక్కడ ఎక్కించాడో అక్కడే, దీపస్తంభం పక్కన నిలబడ్డాడు. రాట్నం తిరిగింది. పక్క బావిలో మోటారుసైకిలు గర్జించింది. వరహాలు మెడ కాసేపు అటు తిరిగింది. రాట్నం ఆగింది. తను నిలబడ్డ చోట, సరిగ్గా ముక్కుకెదురుగా ఓ గుర్రం. గుర్రం మీద గుండు, గంధం, పసుపు జుబ్బా.

పెట్టిన చోటే ఉంది సరుకు. వెనకనించే ఎత్తి మెడ మీద కూర్చోబెట్టుకుని జెయింట్ వీలు వైపు నడిచాడు. రాట్నం తిరిగేదనీ, ఎక్కించిన గుర్రం ఎక్కడైనా ఆగొచ్చనీ గోడౌన్‌లో పనిచేసే మనిషికి ఎందుకు తడుతుంది?

పది అడుగులు వేశాడో లేదో, నెత్తి మీంచి చిన్న గొంతు వినబడింది.

"నాన్నగారూ, అదేంటండీ?"

వరహాలు కాళ్ళు ఇసకలో దిగబడిపోయాయి. వాళ్ళ వంశంలో తండ్రిని గారు అన్నవాడు లేడు. అప్పన్న అయితే నిన్నటిదాకా "ఒరే వరాలూ" అనే పిలిచాడు, కొండలరావు నేర్పిన విద్య. పొద్దున్న గుండు, సాయంత్రానికి అండీ. సింహాద్రి నాథుడు ఇంత తొందరగా పనిచేస్తాడని వరహాలు అనుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"జెయింట్ వీలండి," అన్నాడు కొడుకుతో, అప్రయత్నంగా.

"అదేంటండీ?"

"పీసు మిఠాయండి. తింటారా?"

కొనిపెట్టాడు. కొడుకు గారు నెత్తి మీద కూర్చుని తింటుంటే, పంచదార పీచు కళాసీ జుట్టుకంతా అంటుకుంది. అయినా ఊళ్ళో ఏనుగెక్కినవాడిలా నడుస్తున్నాడు వరహాలు. ఎదురుగా కాసులమ్మా, కొండలరావూ వచ్చారు.

"ఓలే కాసులమ్మా, ఇను. మనోడు నన్ను అండీ అన్నాడే."

కాసులమ్మ వినలేదు. తలెత్తి చూస్తోంది. చేతిలో బజ్జీల పొట్లం జారి ఇసకలో పడింది.

"ఈ గుంటడెవడు?" అంది.

"గుండు కదా, కొత్తగా అగుపిత్తాడు."

"ఇంకోళ్ళ గుంటణ్ణి నెత్తినెట్టుకుని నాకు గుండు గురించి సెప్తన్నావేటి? మనోడేడీ?"

కొండలరావు పిల్లాణ్ణి కిందకి దించాడు. పిల్లాడు మొదటిసారి వరహాలు మొహం చూశాడు. ఆ మీసాలూ, ఆ పీచు అంటుకున్న జుట్టూ చూసి, నోరు తెరిచి ఏడుపు లంకించుకున్నాడు.  వీపు మీద బస్తా ఉన్నట్టుండి మాయమైతే మనిషి ఎలా తూలుతాడో అలా తూలాడు వరహాలు.

ముగ్గురూ రాట్నం దగ్గరికి పరిగెత్తారు, ఏడుస్తున్న పిల్లాడితో సహా. గుర్రాల మీద వేరే పిల్లలు తిరుగుతున్నారు.

"గుండు గుంటడు, పసుపు జుబ్బా," అన్నాడు వరహాలు రాట్నంవాడితో, ఊపిరాడక.

"పొద్దుటేల నించీ గుండ్లే దించుతున్నాను బాబూ. ఏ గుండని సెప్పను?"

పక్కన ఓ ముసలావిడ వరహాలు చేతిలో ఏడుస్తున్న పిల్లాణ్ణి చూసి, మూతి బిగించింది.

"ఎత్తుకొచ్చినట్టున్నాడు," అంది, పక్కావిడకి వినబడేట్టు. చుట్టూ నలుగురు చేరారు.

"కాదు తల్లీ, మాకూ ఉన్నాడు," అన్నాడు కొండలరావు. "మా బావ మార్సేసాడు."

కాసులమ్మ తిట్టలేదు. ఏడవలేదు. వారం వారం బెదిరించే మనిషి, ఇప్పుడు నోరెత్తకుండా సముద్రం వైపు చూస్తోంది. చీకటి పడుతోంది, అలలు పెద్దవవుతున్నాయి. ఆ చూపు ఎటు పోతోందో వరహాలుకి అర్థమైంది.

"అటు పోడే," అన్నాడు. "నీలంటే బయం ఆడికి."



అప్పుడు మైకు గరగరలాడింది. "ఒక బాబు మా దగ్గరున్నాడు. గుండు, గంధం, పసుపు జుబ్బా. తల్లిదండ్రులు మైకు దగ్గరికి రావలెను."

మైదానం మొత్తం ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ వెంటనే, కొండ మీంచి వచ్చిన ప్రతి కుటుంబమూ తన చంకలో ఉన్న గుండుని అనుమానంగా చూసుకోవడం మొదలెట్టింది. ఒకావిడ కొంగుతో గంధం తుడిచి చూసింది. ఇంకొకాయన "నీ పేరు సెప్పరా" అని సొంత కొడుకునే నిలదీశాడు. సగం మైదానం మైకు వైపు కదిలింది.

"మనోడో కాదో," అంది కాసులమ్మ. రాట్నం దగ్గరికొచ్చాక ఆవిడ అన్న మొదటి మాట అదే.

మైకాయన పిల్లాణ్ణి బల్లెక్కించి ఊరూ పేరూ అడుగుతున్నట్టున్నాడు. లౌడుస్పీకర్లలోంచి కోపంగా ఓ గొంతు ఊరంతా మోగింది.

"ఆరియా. ఆరియా. ఒరే, ఆరియా."

క్రేను మీదున్నవాడికి సరుకు కిందకి దించమని కళాసీలు వేసే కేక అది. అప్పన్న ఇంట్లో మంచం మీంచి దిగాలన్నా అదే కేక వేస్తాడు.

వరహాలు పరిగెత్తిన తీరు చెబితే, పోర్టులో అతన్ని ఎరిగినవాళ్ళెవరూ నమ్మరు. మైకు గుడారంలో బల్ల మీద అప్పన్న. పక్కన సన్నగా, కళ్ళజోడుతో, చెమటలు కక్కుతూ ఒకాయన. పేరు అచ్యుతరామయ్య, ఏలూరు నించి వచ్చి స్టీల్‌ప్లాంటు ఆఫీసులో గుమస్తాగా చేస్తున్నారు. రాట్నం అవతల నిలబడి, మిగిలిన గుండు తనదే అనుకుని ఎత్తుకుపోయారు.

"మా వాడేనండీ," అంటూ ఏడుస్తున్న కొడుకుని వరహాలు చేతుల్లోంచి లాక్కున్నారు.  "మీ వాడు నన్ను ఒరే అన్నాడండి. మా వాడికేదో గాలి సోకిందనుకున్నానండి. తీరా దించి చూస్తే మా వాడు కాదండి. మా ఆవిడకి మొహం ఎలా చూపించాలో తెలీక ఇక్కడికి తెచ్చానండి."

"ఒగ్గేయండి బాబూ," అన్నాడు వరహాలు. "మీవోడు నన్ను అండీ అన్నాడు. నాను మాత్రం ఏటి సేసాను, మిఠాయి కొనిపెట్టాను."

కాసులమ్మ ఈ మాటలేవీ వినలేదు. అప్పన్నని కుళాయి దగ్గరికి తీసుకుపోయి, గుండు మీద గంధమంతా కడిగేసింది. నడినెత్తి మీద తనెరిగిన రెండు సుళ్ళూ కనిపించాక, అక్కడే తడినేల మీద చతికిలబడి, అప్పుడు ఏడ్చింది.

బస్సులో కొండలరావు నోరు విప్పబోయి, అక్క మొహం చూసి మూసుకున్నాడు. అప్పన్న ఆవిడ ఒళ్ళో నిద్రపోతున్నాడు. వరహాలు పైకడ్డీ పట్టుకుని నిలబడి, చాలాసేపు ఆ గుండునే చూశాడు.

"ఓపాలి నాకియ్యే," అన్నాడు.

కాసులమ్మ అతన్ని కిందనించి మీదకి చూసింది. పక్క సీటు ఖాళీ అయ్యేదాకా ఆగింది. అతను కూర్చున్నాక, పిల్లాణ్ణి నెమ్మదిగా అతని ఒళ్ళోకి జరిపింది. ఇల్లు చేరేదాకా జుబ్బా అంచు మాత్రం వదల్లేదు.