లారీ సినిమా, గొడుగు సినిమా, బాబాయి మీసం

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. పొద్దున లేచింది మొదలు పుర్రెలతోనే పని చేసే మనిషికి ఈ సంగతి అందరికంటే ముందు తెలియాలి. మన సెలూన్ బాబాయికి మాత్రం నెత్తి నెరిసినా తెలియలేదు. ఊళ్ళో పుర్రెలన్నిటికీ ఒకటే బుద్ధి ఉందని, అది తన బుద్ధేనని ఆయన నమ్మకం. సినిమాల విషయంలో మరీను.

ఆయన దుకాణం ఒకటే గది. ఎదురెదురుగా రెండు అద్దాలు, మధ్యలో ఒక తిరుగుడు కుర్చీ, గోడవారగా ఒక బల్ల. తల ఆనించే చోట కుర్చీ రెగ్జిన్ చిరిగితే ఆయన భార్య పాత పరదా ముక్క వేసి కుట్టింది. పెద్ద అద్దం పైన ఒక సినిమా పోస్టరు ఉంది. ఎండకు వెలిసి వెలిసి అందులో హీరో మొహం నీలంగా మారింది, హీరోయిన్ మాయమైపోయింది. హీరో మీసం మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. వెలిసినప్పుడల్లా బాబాయి దానికి సిరా పూస్తాడు.

అది లారీ సినిమా. దాని అసలు పేరు వీధిలో అందరూ మరిచిపోయారు. కథ మాత్రం ఎవరూ మరిచిపోలేదు, బాబాయి మరవనివ్వలేదు. హీరో మొదటి రీలులో బ్రేకుల్లేని లారీ ఎక్కుతాడు, ఆఖరి రీలు దాకా దిగడు. తిండీ అందులోనే, ప్రేమా అందులోనే. పెళ్ళికూతురు పక్కనే దూసుకొచ్చే జీపులో నిలబడి ఉంగరం విసిరితే, ఈయన స్టీరింగు వదలకుండా వేలు చాపి అందుకుంటాడు. చివరికి లారీ కదిలే రైలు మీదుగా దూకుతుంది. గాల్లో ఉండగా హీరో తాపీగా మీసం దువ్వుకుంటాడు. ఆ దువ్వడం చూసే కుర్రతనంలో బాబాయి తనూ మీసం పెంచాడు. అలాంటిలాంటి మీసం కాదు, రెండు కొసల మీదా రెండు నిమ్మకాయలు నిలబెట్టొచ్చు. దుకాణానికి బోర్డు ఎందుకు కట్టలేదని ఎవరైనా అడిగితే మీసం చూపించేవాడు.

ఇక ఊరంతా తనవైపేనని ఆయన లెక్కగట్టే ఓట్ల సంగతి. కుర్చీలో మనిషి కూర్చున్నాక బాబాయి తెల్లగుడ్డ కప్పి, వేన్నీళ్ళతో మొహం తడిపి, నురగ పట్టించి, తోలుపట్టా మీద కత్తిని అటూ ఇటూ రెండుసార్లు రుద్ది, గడ్డం ఎత్తిపట్టి, కత్తి గొంతు మీద ఆనించి అప్పుడు అడుగుతాడు.

"ఇంతకీ లారీ సినిమా గొప్పదా, గొడుగు సినిమా గొప్పదా?"

"లారీయే బాబాయ్," అనేవాడు మనిషి, పెదవులు కదలకుండా.

ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు గొడుగు అనలేదు. ఎందుకు అనలేదో పసిపిల్లవాడికైనా అర్థమవుతుంది. బాబాయికి కాలేదు. ఆయన మంచివాడు, ఎవరినీ బెదిరించాలని కలలో కూడా అనుకోడు. చేతిలో కత్తి ఉందన్న సంగతే ఆయనకు గుర్తుండదు, మనకు చేతికి వేళ్ళున్న సంగతి గుర్తుండనట్టే.

కాదన్న మనిషి ఒక్కడే. పక్క దుకాణంలో కళ్ళజోళ్ళు అమ్మే బావ, అంటే బాబాయి భార్యకు స్వయానా అన్నగారు. బావకు నెత్తి మీద వెంట్రుక లేదు, గడ్డం మాత్రం గుండెల దాకా ఉంది. అందుచేత ఆ కుర్చీతో ఆయనకు పని పడలేదు. బల్ల మీద కూర్చుని గొడుగు సినిమాను వెనకేసుకొచ్చేవాడు.

గొడుగు సినిమా కథ చెప్పడం తేలిక. ఒక ముసలాయన గొడుగు ఊచ విరుగుతుంది. దాన్ని సినిమా పొడుగునా బాగుచేస్తాడు. బాగయ్యాక వాన వస్తుంది. గొడుగు పక్కింటావిడ చేతికిచ్చి తను తడుస్తూ ఇంటికి పోతాడు. శుభం.

"అదొక సినిమానా బావా?" అనేవాడు బాబాయి. "కొత్త గొడుగు కొనుక్కుంటే మొదటి రీలులోనే అయిపోయేది. జనానికి టిక్కెట్టు డబ్బులు మిగిలేవి."

"మరి నీ హీరో మెకానిక్కు దగ్గరికెళ్ళి బ్రేకులేయించుకుంటే నీ సినిమా టైటిల్స్ దగ్గరే అయిపోయేది బావా."

"రైలు మీదుగా దూకింది లారీ."

"ఆ గొడుగు ఇచ్చేటప్పుడు ముసలాయన చెయ్యి ఎలా వణికిందో చూశావా నువ్వు?"

"చూశాను. చలికి."

ఇద్దరూ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. మధ్యలో కుర్చీలో కూర్చున్నవాడు, నురగ ఎండిపోతుంటే, ఇద్దరి మొహాలూ అద్దంలో చూస్తూ ఉండిపోయేవాడు.

ఒకరోజు బావ ఒక మాట అన్నాడు. "ఊరంతా నీవైపేనంటావు కదా. ఓట్లు పెడదామా?"

బాబాయి మీసం సర్దుకున్నాడు. "పెట్టు. ఓడితే ఈ మీసం తీసేస్తాను. నువ్వు ఓడితే గడ్డం తియ్యాలి."

"సరే. కానీ ఒక షరతు. ఓట్లేసేటప్పుడు మనిద్దరం గోడవైపు తిరిగి నిలబడాలి. నీ కత్తి చెల్లాయి దగ్గర పెట్టి రావాలి."

"కత్తికీ ఓట్లకీ ఏం సంబంధం?" అని బాబాయి హాయిగా నవ్వాడు. మీసం మీద ఆయనకు ఏ బెంగా లేదు. రోజూ చెవులారా వింటున్న మాటే కదా.

వీధి చివర గ్రంథాలయం హాల్లో, కుర్చీలన్నీ వరసగా వేయించి, ఒక సెలవురోజు మాస్టారు రెండు సినిమాలూ గోడ మీద వేయించారు. మాస్టారంటే పక్క వీధి బళ్ళో లెక్కలు చెప్పే ఆయన, బాబాయి కుర్చీకి వారానికోసారి వచ్చే పాత ఖాతాదారు. లారీ గాల్లోకి లేచినప్పుడు జనం ఈలలేశారు. బాబాయి వెనక్కి తిరిగి బావను చూసి కనుబొమలు ఎగరేశాడు. గొడుగు సినిమా నడుస్తున్నంతసేపూ ఎవరూ చప్పుడు చెయ్యలేదు. పాపం జనం నీరసించిపోయారనుకున్నాడు ఆయన.

తరవాత బావలిద్దరూ, పనిష్మెంటు పడ్డ పిల్లల్లా, గోడకు మొహం పెట్టి నిలబడ్డారు. బాబాయి భార్యను వీధంతా పిన్ని అంటారు. ఆవిడ కత్తిపెట్టె ఒళ్ళో పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది.

"లారీ సినిమా గొప్పదనేవాళ్ళు చేతులెత్తండి," అన్నారు మాస్టారు.

కాస్తంత చప్పుడైంది. ఎవరిదో గాజులు కదిలినట్టు.

"గొడుగు సినిమా అనేవాళ్ళు."

ఈసారి హాలంతా కుర్చీలు కిర్రుమన్నాయి. అంత చప్పుడెందుకో బాబాయికి అర్థం కాలేదు. నియమం మరిచిపోయి వెనక్కి తిరిగాడు.

ఎదురుగా తన చేతి క్రాపులన్నీ ఉన్నాయి. చెవి మీద సుడి ఉందని జాగ్రత్తగా తగ్గించిన కండక్టరు క్రాపు, బట్టతల కనబడకుండా ఇటునుంచి అటు దువ్వి నిలబెట్టిన బ్యాంకు గుమాస్తా క్రాపు, సైకిల్ షాపు అన్నదమ్ములవి ఒకే అచ్చు రెండు క్రాపులు. ప్రతి క్రాపు పక్కనా ఒక చెయ్యి లేచి ఉంది. ఆయన తిరగడం చూసి కొందరు చేతులు దించేశారు. మాస్టారు దించలేదు, ఆయన చెయ్యి కూడా లేచే ఉంది.

"కండక్టరూ," అన్నాడు బాబాయి. "నిన్నగాక మొన్న నా కుర్చీలో కూర్చుని లారీ అన్నావు."

కండక్టరు అటూ ఇటూ చూశాడు. "గొంతు మీద కత్తి పెట్టి లారీయా గొడుగా అంటే ఏమంటాం బాబాయ్? మాకూ పెళ్ళాం పిల్లలున్నారు."

హాలు గొల్లుమంది. బావ నవ్వలేదు. బాబాయి మొహం చూశాడాయన.

లారీకి లేచిన చెయ్యి ఒకటే, పిన్నిది. తిరిగొచ్చే దారిలో బాబాయి అన్నాడు, "నీకైనా ఆ సినిమా నచ్చింది. అంతే చాలు."

"నచ్చలేదండీ," అంది పిన్ని. ఆవిడకు అబద్ధం రాదు. "ఎవరో ఒకరు ఆ లారీని ఆపరేమా అని ఒకటే తలనొప్పి నాకు. మీసం నచ్చింది, అందుకని ఎత్తాను."

మాటంటే మాటే. బాబాయి దుకాణం తలుపు తెరిచి, పెద్ద అద్దం ముందు నిలబడి, తన మీసం తనే తీసుకున్నాడు. ఇంకొకరి చేతికి కత్తి ఇస్తే గాటు పడుతుందన్న భయం ఆయనది. మీసం పోయాక మొహంలో ముక్కొక్కటే మిగిలింది. పై పెదవి తెల్లగా, ఎప్పుడూ ఇల్లు దాటని మనిషిలా ఉంది. పిన్ని చీర కొంగు నోట్లో కుక్కుకుంది, అది ఏడుపో నవ్వో చెప్పడం కష్టం.

మీసం పోయిందని ఆయన బాధపడలేదు. వెంట్రుకల సంగతి ఆయనకు తెలియనిది కాదు, మళ్ళీ వస్తాయి. ఆయన్ని తొలిచేస్తున్న బెంగ వేరే. 'లారీ' అన్నవాళ్ళు అబద్ధం చెప్పారు, సరే. అదే కుర్చీలో, అదే కత్తి కింద, "నీ చెయ్యి లాంటి చెయ్యి లేదు బాబాయ్" అన్నదీ వీళ్ళే కదా. క్రాపు ఎలా ఉందంటే "భేషుగ్గా ఉంది" అన్నదీ వీళ్ళే. అది కూడా కత్తికి భయపడే అన్నారా? ఇన్నేళ్ళూ తను మంచి పనివాడినే అనుకున్నాడు. ఎలా తెలుస్తుంది? ఎవరిని అడగాలి? ఎవరిని అడిగినా చేతిలో కత్తి ఉంటుంది, కత్తి లేనప్పుడు అడిగితే మొహమాటం ఉంటుంది.

ఆ మర్నాటి నుంచి బాబాయి నోరు కుట్టేసుకున్నాడు. ఎవరొచ్చినా గుడ్డ కప్పడం, గీయడం, పటిక రాయడం, గుడ్డ దులపడం. లారీ ఊసు లేదు. జనానికి ఊపిరాడలేదు. కండక్టరు కుర్చీలో కూర్చుని తనంతట తనే, "లారీయే గొప్పది బాబాయ్, ఆలోచిస్తే," అన్నాడు. బాబాయి కత్తి పక్కన పెట్టి, "ఇప్పుడు చెప్పు," అన్నాడు. కండక్టరు కిందికి చూశాడు.

బావ పరిస్థితి ఇంకా అన్యాయం. గెలిచాడు, కానీ గెలిచి ఎవరితో వాదిస్తాడు? ఊరంతా తనవైపే అయ్యాక గొడుగు సినిమా గురించి చెప్పడానికి మాటలే దొరకలేదు. దానికి తోడు చెల్లెలు వచ్చి దులిపేసింది.

"ఆయన అన్నం ముందు కూర్చుని, ఉప్పు సరిపోయిందా అంటే, నిజం చెప్పమంటావా అని నన్నే అడుగుతున్నారన్నయ్యా. నువ్వే ఏదో ఒకటి చెయ్యి."

బావ ఆ మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేని వేళ చూసి వచ్చాడు. బల్ల మీద కూర్చోలేదు. తిన్నగా వెళ్ళి కుర్చీలో కూర్చుని, తల ఆ పరదా అతుకు మీద ఆనించాడు.

"గడ్డం తీసెయ్ బావా."

"నువ్వు గెలిచావు కదా, ఎందుకు?"

"ఈ గడ్డం నేనెందుకు పెంచానో తెలుసా?" బావ అద్దంలో చూస్తూ అన్నాడు. "ఈ కుర్చీలో కూర్చుంటే నేనూ లారీ అనాల్సొస్తుందని. కొత్తల్లో ఒకటే భయం. దురద పుట్టినా ఓర్చుకున్నాను. ఇక నావల్ల కాదు."

చాలారోజుల తరవాత బాబాయి మొహం కాస్త కదిలింది. గుడ్డ కప్పాడు. ముందు కత్తెరతో గడ్డం కురచ చేశాడు. వేన్నీళ్ళలో తువ్వాలు ముంచి, పిండి, బావ మొహం మీద కప్పి కాసేపు ఉంచాడు. నురగ పట్టించాడు. కత్తి సానబట్టాడు. గొంతు మీద ఆనించాడు. సినిమా గురించి అడగలేదు.

"బావా, నువ్వైతే మొహమాటపడవు. ఇప్పుడు కత్తికీ భయపడడం లేదు. ఒక్క మాట నిజం చెప్పు. నా చెయ్యి మంచిదేనా? వాళ్ళంతా మెచ్చుకున్నది నిజమేనా?"

జవాబు లేదు.

ఇంత ఆలోచించాల్సి వచ్చిందంటేనే తెలిసిపోయింది అనుకున్నాడు బాబాయి. కత్తి ఆపి వంగి చూశాడు.

బావ నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరిచి, గొంతు పైకెత్తి, కత్తి అంచు కింద గాఢంగా నిద్రపోతున్నాడు. మీసం తీయించి పరువు తీసిన మనిషి, తను ఎవరి మీసం తీయించాడో వాడి కత్తి కిందే, గురక కూడా మొదలుపెట్టాడు.

బాబాయికి ఒక్కొక్కరే గుర్తొచ్చారు. మాస్టారు కూడా ఇలాగే నిద్రపోతారు. కండక్టరు 'లారీ' అన్న మరుక్షణం నిద్రపోతాడు, లేపితే గానీ లేవడు. బ్యాంకు గుమాస్తాకు చొంగ కారుతుంది. ఇన్నేళ్ళూ వాళ్ళని తట్టి లేపుతూ, సగం కథలోనే నిద్రపోయారని విసుక్కున్నాడు తను. నోటితో ఎన్ని అబద్ధాలైనా చెప్పొచ్చు. గొంతు మీద కత్తి ఉండగా అబద్ధపు నిద్ర ఎవరికీ పట్టదు. ఆయన కళ్ళు చెమర్చాయి. భుజానికి తుడుచుకుని, బావ ఊపిరి లయకు చెయ్యి కలుపుతూ, మెల్లిగా గీయడం మొదలుపెట్టాడు.

పటిక చల్లగా తగిలాక బావకు మెలకువ వచ్చింది. అద్దంలో రెండు బోసిమొహాలు చూసి ఒక్క క్షణం తనెవరో పోల్చుకోలేకపోయాడు.

"నిద్ర పట్టేసినట్టుంది. ఏదో అడిగావు కదా బావా?"

"అడిగాను. చెప్పావులే," అన్నాడు బాబాయి గుడ్డ విప్పుతూ.

బావ గతుక్కుమన్నాడు. "ఏమన్నాను? లారీ అన్నానా ఏమిటి?"

బాబాయి గుడ్డ గుమ్మం బయటికి దులిపి, మెడ వెనక వెంట్రుకలు బ్రష్షుతో తుడుస్తూ, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పాడు.