ఇద్దరు మనుషుల కారు

మా బాపు కారు కొన్నది ఎక్కడానికి కాదు. కోపంలో అంటున్నాననుకోకండి, తొంభైల నడిమిన సిద్దిపేటలో మా బజారులో ఎవర్ని అడిగినా ఇదే మాట చెప్పేవాళ్లు. మాది ఇనుప సామాన్ల దుకాణం. మేకులు, గొళ్లేలు, గడ్డపారలు, బకెట్లు, తూకానికి వచ్చేదేదైనా అమ్మేవాళ్లం. నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం, అదీ ఇంగ్లిష్ మీడియం, కాబట్టి నెత్తి మీద రెండు కొమ్ములు కూడా ఉండేవి. ఆ కొమ్ములు ఎవరిని పొడిచాయో తర్వాత చెబుతాను.

అప్పట్లో ఏడాది తిరిగేసరికి ఇంకో కొత్త కారు మార్కెట్లోకి దిగేది. బాపు తొందరపడలేదు. అందరి కార్ల చుట్టూ తిరిగి చూసి, పెట్రోలు తక్కువ తాగే చిన్న కారే కావాలన్నాడు, కానీ దానికి వెనక డిక్కీ ఉండాలన్నాడు. "డిక్కీ లేకుంటే గది కారెట్లయితది? తోక తెగిన బర్రె లెక్క కొడ్తది" అనేవాడు. చివరికి అట్లాంటిదే దొరికింది. ముందు ముక్కు, నడుమ మనుషులు, వెనక డిక్కీ, అన్నీ ఉన్నాయి, అన్నీ పొట్టివే. దాని రంగుకు కంపెనీవాళ్లు ముత్యాలతో ఏదో పేరు పెట్టారు. బాపు దాన్ని సిమెంటు రంగు అన్నాడు, దుమ్ము కనబడదని సంతోషించాడు.

కారుతో పాటు ఒక రంగుల పుస్తకం ఇచ్చారు, మొత్తం ఇంగ్లిష్‌లో. అది చదివి చెప్పే పని నాది. ముక్కు వాలుగా ఉంటుంది కాబట్టి గాలి అడ్డం తగలకుండా పైనుంచి జారిపోతుందట, అందుకే పెట్రోలు మిగులుతుందట. మా ఊళ్లో గాలి కన్నా ముందు బర్రెలు అడ్డం వస్తాయి, వాటినెట్లా జార్చాలో ఏ పేజీలోనూ రాయలేదు. వెనక అద్దంలో సన్నటి తీగలున్నాయి, మంచు పట్టినప్పుడు వేడెక్కి కరిగిస్తాయట. సిద్దిపేటలో! ఎండాకాలం ఆ అద్దం మీద జొన్నరొట్టె వేస్తే కాలుతుంది. సిగరెట్టు ముట్టించుకునే గుండీతో బాపు అగరొత్తులు ముట్టించేవాడు. ఏసీ ఉంది, ఉందని చెప్పుకోవడానికి. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు షోరూంలో ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉంచాడు, కూర్చున్నవాడు దిగేటప్పుడు చర్రుమని చప్పుడయ్యేది.

అన్నిటికన్నా గొప్పది పచ్చదీపం. వేగం చూపే ముల్లు పక్కన కందిగింజంత ఉండేది. యాక్సిలరేటర్ మెల్లగా తొక్కినంతసేపు, అంటే పెట్రోలు పొదుపుగా పోతున్నంతసేపు వెలిగేది. గట్టిగా తొక్కితే ఆరిపోయేది. బాపుకు బండి నడపడం రాదు, నడివయసు డ్రైవర్ ఒకతన్ని పెట్టుకున్నాడు. తను ముందు సీట్లో కూర్చుని, రోడ్డు చూడటం మానేసి, మెడ పక్కకు చాపి ఆ దీపాన్నే చూసేవాడు.

"ఆరింది! ఆరింది! కాలు తియ్యి!"

"సేటూ, ముంగట లారీ ఉన్నది. దాటొద్దా?"

"లారీ యాడికి పోతది? దాని ఎనకనే పోనియ్యి."

సైకిలువాళ్లు మా కారును దాటిపోతూ వెనక్కి తిరిగి చూసేవాళ్లు. బాపుకు సిగ్గుండేది కాదు, దీపం వెలుగుతోందిగా!

ఇక నా కొమ్ముల సంగతి. ఆ రంగుల పుస్తకం అట్ట మీద లీటరుకు ఇరవై కిలోమీటర్లని లావు అక్షరాల్లో వేశారు. బాపు దాన్ని గల్లాపెట్టె పక్కన పెట్టి, మేకులు కొనడానికి చిన్నకోడూరు నుంచి వచ్చిన రైతుకు కూడా చూపించేవాడు. ఒకరోజు పక్క బట్టల దుకాణం సేటు వచ్చి కూర్చున్నాడు. "కాగితం మీద నా స్కూటర్ గూడ విమానమే" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనెందుకు ఊరుకుంటాను? లావు అక్షరాల పక్కన చిన్న చుక్క గుర్తు, పేజీ అడుగున చీమ తలకాయలంత అక్షరాలు ఉన్నాయని నాకు తెలుసు. పుస్తకం లాక్కుని, ముందు ఇంగ్లిష్‌లో నాలుక తిప్పి చదివి, తర్వాత తెలుగులో చెప్పాను. ఇద్దరే మనుషులు కూర్చుని, చదునైన రోడ్డు మీద, ఏసీ వేయకుండా, ఒకే వేగంతో పోతేనే ఆ ఇరవై వస్తుందని.

బజారు గొల్లుమంది. బట్టల సేటు తొడ చరుచుకుని, "శభాష్ బిడ్డా, ఇంటి గుట్టు ఇప్పినవ్" అన్నాడు. నాకు ఎంత గర్వమో! కంపెనీ మోసం బయటపెట్టాను, బాపు గొప్పలకు సూది గుచ్చాను అనుకున్నాను. బాపు నవ్వలేదు. "మల్లొక్కసారి చదువు బిడ్డా" అన్నాడు. మళ్లీ చదివాను. "ఎంతమంది అన్నరు?" "ఇద్దరు." తల ఊపి పుస్తకం మూసేశాడు.

మేము షరతు అనుకున్నదాన్ని ఆయన ఆజ్ఞ అనుకున్నాడు. మరునాటి నుంచి కారులో ఇద్దరే. డ్రైవర్ ఒకడు, బాపు ఒకడు. ఇంకేముంది, కారు నిండిపోయింది. గుడికి అమ్మ రిక్షాలో, బాపు కారులో. నేను కాలేజీకి నడిచి పోతుంటే బాపు పక్కనుంచి మెల్లగా పోతూ చెయ్యి ఊపేవాడు. నేను స్నేహితురాళ్లకు ఇదంతా కథలుగా చెప్పి నవ్వించేదాన్ని. అమ్మకు పిలుపు వచ్చేదాకా నాకది నవ్వుకునే విషయమే.

అమ్మ పుట్టిల్లు చేర్యాల, మాకు నలభై కిలోమీటర్ల లోపే. ఆ ఏడాది ఒడిబియ్యానికి మామయ్య కబురు పంపాడు. మా దిక్కు పెళ్లయిన ఆడబిడ్డను కొన్నేళ్లకొకసారి పుట్టింటికి పిలిచి, భార్యాభర్తలను పీటల మీద కూర్చోబెట్టి, బట్టలు పెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు ఆమె ఒడిలో పోస్తారు. ఆ బియ్యం ఇంటికి తెచ్చుకుని వండి నలుగురికీ పెట్టాలి. కిందటిసారి ఎండలో బస్సు దిగి, దుమ్ము కొట్టుకుపోయిన చీరతో అమ్మ ఆ గడప ముందు నిలబడితే మా అత్తమ్మ, అంటే మామయ్య భార్య, పదిమందిలో అంది: "గింత దుకాణం పెట్టుకోని బస్సుల వచ్చినవా వదినె?" అమ్మ ఆ మాట మరిచిపోలేదు. నేను పరీక్షల తేదీలు మరిచిపోయేదాన్ని, అమ్మ ఆ మాట మరిచిపోలేదు.

"ఆ గడప ముంగట కారు దిగాల్నని ఉన్నది" అంది బాపుతో, అన్నం వడ్డిస్తూ. "ఇన్నేండ్లల్ల మిమ్మల్ని ఇంకేమన్న అడిగిన్నా?"

బాపు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "గదే దినం నేను బజారుకు మాటిచ్చిన. రెండే రెండు లీటర్లు పోసుకోని చేర్యాల దాక పోయి సూపిస్త అన్న. నువ్వెక్కితే ఆవరేజ్ పడిపోతది."

"ఒక్క దినం మీ ఆవరేజ్ పక్కన వెడితే ఏమైతది?"

"నేను జెప్తున్ననా? కంపెనోల్లే రాసిన్రు, ఇద్దరే అని. అడుగు నీ బిడ్డను."

అమ్మ నా వైపు చూసింది. "బాపూ, గది వాళ్లు తప్పించుకునేటందుకు రాసిన మాట" అన్నాను. "అయితే గంతమంది ముంగట ఎందుకు చదివినవ్?" అన్నాడు బాపు. అమ్మ పెరుగు తేవడానికి లోపలికి పోయింది.

ప్రయాణం రోజు పొద్దున డ్రైవర్ ట్యాంకు ఖాళీ చేసి, అందరూ చూస్తుండగా లీటరు డబ్బాతో రెండుసార్లు కొలిచి పోశాడు. ముందు ముక్కుకు బంతిపూల దండ వేశారు. దారిలో అవసరమైతే ఉంటుందని డ్రైవర్ ఇంకో డబ్బా పట్టుకొస్తే బాపు "బరువు" అని దింపించాడు. అమ్మా నేనూ పట్టుచీరల సంచి పట్టుకుని బస్టాండుకు నడిచాం. బస్సులో నలిగిపోతుందని అమ్మ పట్టుచీర కట్టుకోలేదు.

మా ఎర్రబస్సు ఒక గంట తర్వాత బయల్దేరింది. సగం దూరం దాటి కొంత పోయాక రోడ్డు పక్కన సిమెంటు రంగు కనబడింది. బంతిపూలు వాడిపోయి వేలాడుతున్నాయి. బాపు చెమట తుడుచుకుంటూ బస్సుకు చెయ్యెత్తాడు. డ్రైవర్ జాడ లేదు, పెట్రోలు కోసం ఎవరి సైకిలో ఎక్కి పోయాడని తర్వాత తెలిసింది. కండక్టర్ మా ఊరివాడే, మమ్మల్ని ఎరుగును. "అమ్మా, మీ సేటే గదా? ఆపాల్నా?"

అమ్మ కిటికీలోంచి చూసింది. "వద్దు బిడ్డా, పోనియ్యి. ఆయన ఎక్కితే నీ బస్సు ఆవరేజ్ పడిపోతది."

బస్సంతా పగలబడి నవ్వింది. అందరికన్నా ఎక్కువ నేనే నవ్వాను. కడుపు పట్టుకుని అమ్మ వైపు తిరిగితే, ఆమె నవ్వడం లేదు. సంచిలోని పట్టుచీర మడతలు సరిచేస్తోంది.

చేర్యాలలో గడప ముందు అత్తమ్మ ఎదురొచ్చింది. "కారు కొన్నరంటిరి వదినె?"

"ఎనక వస్తున్నది."

రెండు పీటలు వేశారు. అమ్మ పట్టుచీర కట్టుకుని ఒక పీట మీద కూర్చుంది. రెండోది ఖాళీ. పసుపు బియ్యం పళ్లెంలో ఎండుతోంది. పెద్దవాళ్లు గడియారం చూసుకుంటున్నారు, వచ్చినవాళ్లు ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుతున్నారు. అమ్మ తల ఎత్తలేదు. నాకు బాపు మీద ఎంత కోపం వచ్చిందంటే, ఎదురుగా ఉంటే ఆ రంగుల పుస్తకం చింపి మొహాన కొట్టేదాన్ని. మంచి గడియ దాటిపోయాక బాపు దిగాడు, అంగీ నిండా పెట్రోలు వాసన. "కంపెనోల్లది తప్పు లేదు, దారిల గొర్ల మంద అడ్డమొచ్చింది" అంటూనే పీట మీద కూర్చున్నాడు. అమ్మ ఒడిలో బియ్యం పోశారు.

సాయంత్రం బయల్దేరేటప్పుడు మామయ్య, "అందరు కార్లనే పోతున్నరు గదా, బియ్యం మూట, కుడుకలు డిక్కీల వెట్టున్రి" అన్నాడు. బాపు "వద్దు, వద్దు" అనేలోపే డ్రైవర్ డిక్కీ తీశాడు. లోపల రెండు గోనెసంచులు. చేర్యాలలో ఒక దుకాణానికి ఇవ్వాలని పొద్దున ఎక్కించిన మేకులు, ఆలస్యమై బాపు దించకుండానే వచ్చాడు. మూట పెట్టడానికి చోటు లేదు.

అమ్మ ఆ సంచులను చూసింది. "ఎంత బరువుంటయి ఇవి?" అని డ్రైవర్‌ను అడిగింది.

డ్రైవర్ బాపు మొహం చూశాడు, నేల చూశాడు. "మనిషి కన్న ఎక్కువే ఉంటయమ్మా."

"గవి సామాన్లు" అన్నాడు బాపు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "కాగితంల మనుషుల లెక్కనే రాసిన్రు. సామాన్ల ముచ్చట యాడ లేదు. బిడ్డనడుగు." జీవితమంతా తూకం మీద బతికిన మనిషి. తర్వాత గొంతు తగ్గించి, "ఇప్పుడు పరీక్ష అయిపోయింది గదా, ఎక్కు. ముంగటనే కూసో" అని ముందు తలుపు తీశాడు.

కారు ఆ గడప ముందే ఉంది. అత్తమ్మ చూస్తోంది, వీధి మొత్తం చూస్తోంది. అమ్మ ఒడిలో బియ్యం మూట పట్టుకుని ఆ తెరిచిన తలుపును చూసింది, తర్వాత నన్ను చూసింది.

"బిడ్డా, ఆ పుస్తకంల ఒడిబియ్యం మోసుకునే ఆడిది ఎక్కొచ్చని ఏమన్న రాసిన్రా?"

అమ్మకు తెలుగు చదవడమే కూడబలుక్కుంటే తప్ప రాదు. నేనేం చెప్పినా నమ్ముతుందనుకున్నాను. "రాసిన్రమ్మా" అన్నాను.

"రాసిన్రా? మరి బజార్ల గంత గట్టిగ చదివినవ్, గా మాట ఎందుకు చదువలేదే?"

అమ్మ బస్టాండు వైపు నడిచింది, వెనకే నేను. మా వెనక కారు, మనిషి నడకంత మెల్లగా, బాపు తల బయటపెట్టి "ఎక్కున్రి, అందరు సూస్తున్నరు" అని బతిమాలుతుంటే. అంత మెల్లగా పోతోంది కాబట్టి లోపల పచ్చదీపం వెలుగుతూనే ఉండి ఉంటుంది. నేను అమ్మను అందుకుని, మూట బరువుగా ఉంది నాకివ్వమన్నాను. ఇవ్వలేదు.