తోడికోడలి ఐకాన్

ఆ శిక్షణ కేంద్రంలో కంప్యూటర్లన్నీ పెద్దకోడలి చేతి మీదుగానే నడిచేవి. పెద్దకోడలన్నది ఇంట్లో వరస. కేంద్రంలో ఆవిడ మేడం. కొత్త బ్యాచ్ వచ్చిందంటే పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్ళేది. ముందు ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్, తర్వాత రాసినదాన్ని నడిపించే కంపైలర్, ఆ పైన రెండింటినీ కలిపే సెట్టింగులు. వరస తప్పితే మళ్ళీ మొదటికే. ఆ వరస ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు, తెలియనిచ్చేదీ కాదు. "మేడం, ఇటు రండి", "మేడం, నాదాంట్లో ఎర్రగా ఏదో వస్తోంది" అని పిల్లలు నాలుగు మూలల నుంచీ పిలుస్తుంటే తెగ విసుక్కునేది. ఆ విసుక్కోవడంలో ఆవిడకున్న సుఖం ఇంకెందులోనూ లేదు.

అలాంటి చోటికి మరిది పెళ్ళాం ఉద్యోగానికొచ్చింది. ప్రిన్సిపల్‌తో చెప్పి వేయించింది పెద్దకోడలే, ఇక ఎవర్ని తిట్టుకుంటుంది? మొదటి రోజే హెచ్చరించింది.

"ఇక్కడ అక్కా అనకు. అందరూ మేడం అంటారు."

"అలాగే అక్కా," అంది చిన్నది.

చిన్నది కుదురుగా కూర్చునే రకం కాదు. కొద్దిరోజులు అన్నీ చూసి, ఒక మధ్యాహ్నం పెద్దకోడల్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"అన్నీ ఒక్క ఫోల్డర్లో పెట్టేశానక్కా. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు. కాపీ చేసుకుని ఈ ఐకాన్ మీద నొక్కితే చాలు, మొదలైపోతుంది. పిల్లలు ఇంటికీ పట్టుకెళ్ళొచ్చు."

నొక్కింది. తెరుచుకుంది. పక్కదాంట్లో నొక్కింది. అందులోనూ తెరుచుకుంది. ల్యాబంతా చకచకా తెరుచుకుంటుంటే పెద్దకోడలి ఒళ్ళు మండిపోయింది. "ఇన్నాళ్ళూ ఇంత తిప్పలు ఎందుకు పడ్డామమ్మా?" అన్నాడు ప్రిన్సిపల్, పడిందేదో తనే అయినట్టు. వచ్చే బ్యాచ్‌కి దీన్నే ఇద్దామన్నాడు. అది సవ్యంగా నడిస్తే ల్యాబ్ బాధ్యత చిన్నదానికే అప్పగిస్తానని కూడా అన్నాడు.

ఇంటికొస్తే అత్తగారు పుండు మీద కారం చల్లింది. "చిన్నది ఏదో కనిపెట్టిందటగా!" కంప్యూటర్ ముందువైపేదో వెనకవైపేదో తెలియని మనిషి చిన్నకోడల్ని ఆకాశానికెత్తేస్తుంటే, కూరలు తరుగుతున్న పెద్దకోడలు కత్తిని కొంచెం గట్టిగానే దించింది.

"అక్కా, బావగారి పాత లాప్‌టాప్‌లో ఈ ప్రోగ్రాములేవీ లేవుగా? ఒకసారి నొక్కి చూసిపెట్టవా?" అని పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టింది చిన్నది. "నువ్వు చూశావంటే నాకు ధైర్యం."

చిన్నది అవతలికి వెళ్ళాక పెద్దకోడలు భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టి నొక్కింది. కిటికీలాంటిదొకటి తెర మీద మెరిసి మాయమైంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. ఫోల్డర్ లోపల వెతికేసరికి సంగతి బోధపడింది. చిన్నది కంపైలర్ పెట్టడం మరిచిపోయింది. ల్యాబ్‌లో ప్రతి కంప్యూటర్లోనూ తను ముందే పెట్టిన కంపైలర్ ఉంది కనక, ఈ ఐకాన్ దాన్ని వాడుకుని కులుకుతోంది. తన కష్టం మీద దీని గొప్ప! పెద్దకోడలికి నెత్తిన పాలు పోసినట్టయింది. పిల్లలు ఇళ్ళకెళ్ళి నొక్కుతారు, ఏమీ రాదు, తెల్లారేసరికి "మేడం, మేడం" అంటూ తన చుట్టూ మూగుతారు.

"బాగానే తెరుచుకుంది," అంది, చిన్నది వచ్చి అడిగితే.

"అమ్మయ్య!" అని చిన్నది ఆవిడ భుజం మీద తల ఆనించింది. ఆ తల బరువుకీ ఒళ్ళు మండింది.

కొత్త బ్యాచ్ మొదలయ్యే రోజు ల్యాబ్ కిక్కిరిసిపోయింది. ప్రిన్సిపల్ ఐకాన్ నొక్కాడు. గోడ మీద పెద్ద తెరలో మొదటి పేజీ వచ్చింది. తయారుచేసింది అన్న మాట పక్కన చిన్నదాని పేరు. దాని కింద, అంతే పెద్ద అక్షరాల్లో, పరీక్షించింది అని పెద్దకోడలి పేరు.

ఇన్నేళ్ళలో ఇన్ని కంప్యూటర్లకి చాకిరీ చేసినా ఆ పేరు ఏ తెర మీదా కనిపించింది లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటికే పిల్లలు కాపీ చేసుకున్న పెన్‌డ్రైవ్‌లు జేబుల్లో వేసుకుని లేస్తున్నారు. ఇక ఆ పేరు ఇంటింటికీ వెళ్తుంది, తెరుచుకోని ఐకాన్‌తో సహా.

"ఆగండి!" అని తలుపుకి అడ్డం నిలబడింది. "పట్టుకెళ్ళకండి. ఇళ్ళలో అది తెరుచుకోదు."

చిన్నది నవ్వుతూనే అడిగింది. "అదేంటక్కా, మీ లాప్‌టాప్‌లో తెరుచుకుందన్నావుగా?"

అబద్ధాలకేం, నోటి దాకా నాలుగొచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"తెరుచుకోలేదు. నిన్ను చూసి కుళ్ళుకుని చెప్పలేదు."

ప్రిన్సిపల్ ఎటు చూడాలో తెలియక గడియారం చూసుకున్నాడు. చిన్నది కీబోర్డు దగ్గరికి తీసుకుని, ఆ మొదటి పేజీలో రెండో పేరుని ఒక్కో అక్షరమే చెరిపేసింది. అది పెద్ద తెర మీద అందరికీ కనిపించింది. తర్వాత పక్కనున్న కుర్చీ లాగింది.

"కూర్చోండి," అంది. "ఇందులో ఏం తగ్గిందో చెప్పండి, మేడం."